ఆయ్ కె

వీగో రేవు నుంచి వచ్చిన బెగోన్యా
నరసాపురం రొయ్యల ఫ్యాక్టరీలో అడుగుపెట్టిన మూడో రోజు
నేల చూపించి "ఆయ్ కె లింపియార్" అంది.
గ్రేడింగు బల్లల దగ్గర ఆడవాళ్ళంతా
మాస్కుల్లోంచి ఒక్కసారే నవ్వారు:
"ఆయ్ అంటందే! సఖినేటిపల్లి పిల్లేటే ఇది?"

కాదు.
ఆవిడ ఆయ్ అంటే, ఉంది.
పక్కన కె చేరితే, చెయ్యాలి.
ఎవరు చెయ్యాలో ఆ మాటలో ఉండదు.
నేల కడగాలి. ఐసు పొయ్యాలి. తలలు తుంచాలి.
కర్త ఉండడు, చీపురు మాత్రం ఉంటుంది.
మన ఆయ్ అంటే
ఆ చీపురు నేను అందుకున్నానండీ అని.

దుబాసీ పని కూడా నా నెత్తినే పడింది కాబట్టి
రాత్రిళ్ళు ఎక్స్‌పోర్టు కాగితాల వెనక రాసుకుని నేర్చుకుంటున్నాను.
తెంగో కె ఇర్. నాకు ఉంది, వెళ్ళడమనేది.
బరువుని జేబులో వేసుకున్నట్టు చెప్తారు వాళ్ళు.
మన చీరలకి జేబులెక్కడివి?
క్రియ కొసన ఓ ఆలి ముడేస్తాం:
లేవాలి, వండాలి, పంటు అందుకోవాలి.
"ఆలంటే పెళ్ళామే కదండీ" అని షిఫ్టు ఇన్‌చార్జి సూరిబాబు జోకు.
నేను నవ్వలేదు.
అతని చేతిలో క్యారేజీ ఇంకా వేడిగానే ఉంది.

దెబో అని ఇంకోటుంది.
చెయ్యాల్సిన ధర్మానికీ అదే, తీర్చాల్సిన బాకీకీ అదే.
డ్వాక్రా పుస్తకం ముందేసుకుని
ఎవరో కట్టి ఉంటారు ఆ మాట.

ఇక టైము.
ఆరు, ఎన్ పున్తో. అంటే చుక్క మీద.
మార్తమ్మ కూడా చుక్క మీదే లేస్తుంది,
అవతలి ఒడ్డున, వేగుచుక్క మీద.
ఆ చుక్కకీ మా గేటు మిషనుకీ నడుమ వశిష్ట ఉంది.
పాటు పడితే పంటు ఇసకెక్కుతుంది.
ఎక్కిన పంటు మీద స్కూటర్లూ, పాల క్యాన్లూ,
గోళ్ళు కొరుక్కునే మార్తమ్మ.
ఆరూ తొమ్మిదికి వేలు పెట్టింది. మిషను ఎర్రబడింది.

"పోర్ కే తార్దె?" అంది బెగోన్యా.
ఎందుకాలస్యం?
"గోదారి తీసిందమ్మా" అంది మార్తమ్మ.
నీళ్ళు తీశాయని ఎలా చెప్పాలో నాకు రాలేదు.
నది వెళ్ళిపోయింది అన్నాను.
"ఎక్కడికి?" అంది పాపం, నిజంగానే.

తార్దె అంటే ఆలస్యం.
తార్దె అంటే మధ్యాహ్నం కూడానట.
ఆరూ తొమ్మిదికొచ్చిన మనిషికి
మా దగ్గర హాజరు మధ్యాహ్నం నుంచే.
చేతులు మాత్రం ఆరూ పదికే ఐసులో ఉంటాయి.
మా రూలు సముద్రం అవతల
ముందే నిఘంటువులో ఎక్కిందన్నమాట.

సాయంత్రం నాలుక్కి రావలసిన కంటైనరు రాలేదు.
ఫోను చేస్తే డ్రైవరు,
"వచ్చేశానండీ, పాలకొల్లు దాటేశా."
వెనకాల తాడేపల్లిగూడెం బస్టాండు మైకు వినిపిస్తూనే ఉంది.
ఐదు. ఆరు. ఏడుంబావు.
ఏ మిషనూ ఎర్రబడలేదు.
పెట్టెలు గడ్డకట్టి వరసగా ఉన్నాయి,
వాటి ముందు ఆడవాళ్ళు, వాళ్ళూ వరసగానే.

బెగోన్యా గడియారం చూసుకుని
ఎవరి మొహమూ చూడకుండా అంది,
"ఆయ్ కె కెదార్సె."
ఉండిపోవాలి.
నేను తెలుగు చెయ్యలేదు. అక్కర్లేకపోయింది.
గ్లవుజులు విప్పుకుంటున్న చేతులు ఆగాయి.
రేవు వైపు నుంచి ఆఖరి పంటు హారను
రెండుసార్లు మోగింది.

బల్ల చివర్నుంచి మార్తమ్మ,
విప్పిన గ్లవుజు మళ్ళీ తొడుక్కుంటూ,
"ఆయ్" అంది.

ఉంది, అని వినపడింది బెగోన్యాకి.
ఏముందో చెప్తుందని
వాక్యం తక్కిన సగం కోసం
మార్తమ్మ నోటివంకే చూస్తూ నిలబడింది.